పొట్టలో అతుకులు, కరిగే పొరలు: ఆపరేషన్లు చేసేవారికి, ప్యాకేజీలు నిర్ణయించేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్య పథకాల ప్యాకేజీలు నిర్ణయించే అధికారులకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు, రోజూ మాతోపాటు థియేటర్లో నిలబడే సర్జన్లకు, గైనకాలజిస్టులకు నమస్కారాలు. ఈ సంగతులు వినతిపత్రాల్లో రాశాం, సమావేశాల్లో నోటితో చెప్పాం. ‘పరిశీలిస్తాం’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. అందుకే ఇప్పుడు జనం ముందు పెడుతున్నాం.

పొట్టకు ఆపరేషన్ జరిగాక లోపల పేగులు ఒకదానికొకటి, గర్భసంచికి, కోత వేసిన గోడకు అతుక్కుపోతాయి. వైద్యులు అడ్హిషన్లు అంటారు, ఇక్కడ అతుకులు అందాం. వాటిని తగ్గించడానికి ఆపరేషన్ చివర్లో లోపల పరిచే పల్చటి పొరలు ఉన్నాయి. నెలలోపు ఒంట్లో కరిగిపోతాయి. మా ఫిర్యాదు ఒక్క మాటలో ఇదీ: ఎవరికి వాటి వల్ల మేలో వారికి అందడం లేదు, ఎవరికి పెద్దగా ఉపయోగం లేదో వారి బిల్లులో కనిపిస్తున్నాయి. పెట్టినా పెట్టకపోయినా రోగికి మాత్రం తెలియడం లేదు.

పొర ఎందుకో అర్థం కావాలంటే అతుకు ఎలా పుడుతుందో తెలియాలి. పేగులను, గర్భసంచిని, కాలేయాన్ని కప్పి ఉంచే పెరిటోనియం నూనె రాసినట్టు జారుతూ ఉండే పొర. దాన్ని కోసినా, కాల్చినా, పొడి మాప్‌తో (రక్తం తుడిచే గుడ్డతో) రుద్దినా, థియేటర్ లైటు కింద గంటల తరబడి ఆరబెట్టినా కొద్ది గంటల్లోనే ఆ చోట ఫైబ్రిన్ అనే పీచు ప్రోటీన్ ఊరుతుంది. అది జిగురులా పక్కనున్నదాన్ని పట్టుకుంటుంది. ఒళ్లు మామూలుగా ఆ జిగురును మూడు రోజుల్లో ప్లాస్మిన్ అనే ఎంజైముతో కరిగించుకుంటుంది. రక్తం సరిగా అందని కణజాలంలో, చీము పట్టిన చోట ఆ కరిగించే శక్తి పడిపోతుంది. కరగని జిగురులోకి పీచు కణాలు దిగుతాయి, కొల్లాజెన్ పేరుకుంటుంది, ఆనక రక్తనాళాలు కూడా పాకుతాయి. అప్పుడది చేత్తో విడదీస్తే విడిపోయేది కాదు, కత్తెర కావాలి.

మరోవైపు పెరిటోనియం గాయం మానడానికి పట్టేది ఐదు నుంచి ఏడు రోజులు. చర్మం గాయం అంచుల నుంచి పూడుతుంది. ఇది అలా కాదు, గాయమంతటా ఒకేసారి కొత్త కణాలు మొలుస్తాయి. కాబట్టి గాయం అరచేయంత ఉన్నా గోరంత ఉన్నా గడువు దాదాపు అదే. మనం లోపల పరిచే పొర పని ఆ వారం రోజుల కాపలా. అంతకు మించి దానికి మహిమ లేదు.

ఇక మామూలు జనం మీద పడే భారం.

1. పేగు మూసుకుపోవడం. ఊళ్లో ‘పేగు మెలిపడింది’ అంటారు. ఆపరేషన్ జరిగిన నెలకు రావచ్చు, ఇరవై ఏళ్లకు రావచ్చు. స్కాట్లాండులో 1986లో పొట్ట ఆపరేషన్లు జరిగిన 29,790 మందిని పదేళ్లు గమనించారు. వారిలో 34.6 శాతం మంది సగటున రెండేసి సార్లు మళ్లీ ఆసుపత్రిలో చేరారు. ఆ చేరికలన్నిటికీ అతుకులే కారణం కావు. అతుకులకు సంబంధం ఉండే అవకాశం ఉన్నవి, అతుకుల వల్ల కష్టమయ్యే ఆపరేషన్లు కూడా అందులో కలిసి ఉన్నాయి. నేరుగా అతుకుల పద్దులో పడ్డవి మొత్తం చేరికల్లో 5.7 శాతం. చిన్న అంకెలా కనిపిస్తుంది. లక్షల ఆపరేషన్లతో గుణించి చూడండి. పైగా మొదటి ఏడాదితో తీరిపోలేదు, పదేళ్ల పొడుగునా అలాంటి చేరికలు వస్తూనే ఉన్నాయి.

2. రెండోసారి పొట్ట తెరిచినప్పటి ప్రమాదం. 2000లో అచ్చయిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, ఇదివరకే కోసిన పొట్టను మళ్లీ తెరిచిన 270 ఆపరేషన్లలో 52 సార్లు, అంటే 19 శాతం, అనుకోకుండా పేగు తెగింది. పేగు తెగితే ఐసీయూ, చీము, మరో ఆపరేషన్, కొందరికి ప్రాణం. సిజేరియన్ మీద సిజేరియన్ జరిగే తల్లుల్లో మూత్రాశయం పైకి లాగబడి గర్భసంచికి అంటుకుని ఉంటుంది. తొందరలో కోస్తే అదే తెగుతుంది. నెమ్మదిగా విడదీస్తే బిడ్డను బయటికి తీయడం ఆలస్యమవుతుంది.

ఇది మన రాష్ట్రాలకు ప్రత్యేకించి పట్టే విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో తెలంగాణలో 81.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల నిష్పత్తిలోనూ దేశంలో ముందు వరుసలో ఉన్నవి ఈ రెండు రాష్ట్రాలే. 15–49 ఏళ్లవారిలో నూటికి ఎనిమిది తొమ్మిది మంది. ముప్పై అయిదేళ్లకే పెద్దాపరేషన్, కు.ని., గర్భసంచి ఆపరేషన్ మూడూ అయిపోయిన కూలి తల్లి పొట్టలో ఏముంటుందో మీకు మేం చెప్పనక్కర్లేదు.

3. సంతానం. ట్యూబు చివర్లు అండాశయానికి అతుక్కుంటే అండం ట్యూబులోకి చేరదు. గడ్డ (ఫైబ్రాయిడ్) తీయడానికి గర్భసంచి వెనుక గోడ మీద కోత పెడితే నూటికి తొంభైకి పైగా అక్కడ అతుకు పడుతుందని, ముందు గోడ మీదైతే అది సగానికి కాస్త ఎక్కువని పాత అధ్యయనాలే చెప్పాయి. పిల్లల కోసమే గడ్డ తీయించుకున్న అమ్మాయికి ఆ ఆపరేషనే అడ్డు కావడం ఎంత విడ్డూరం!

4. నొప్పి. ఇక్కడ మా సాటి వైద్యులకే ఒక మాట. పొట్ట నొప్పి అనగానే ‘అతుకులున్నాయి, లాపరోస్కోపీతో విడదీస్తాం’ అని మళ్లీ టేబుల్ ఎక్కించడం మామూలైపోయింది. 2003లో నెదర్లాండ్స్ వైద్యులు నూరు మంది మీద పరీక్ష చేశారు. సగం మందికి అతుకులు విడదీశారు, సగం మందికి లాపరోస్కోపుతో చూసి ఊరుకున్నారు. ఏడాది తర్వాత రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గింది. విడదీసిన చోట మళ్లీ అతుక్కుంటుంది. పేగు మూసుకుపోయిన లక్షణాల్లేని నొప్పికి ఈ ఆపరేషన్ అమ్మడం మానండి.

పొరల విషయానికి వద్దాం. చౌకగా, అన్ని థియేటర్లలోనూ ఈరోజే చేయగలిగింది మాత్రం పొర కన్నా ముందు చెప్పాలి: పౌడరు లేని గ్లవ్స్. గ్లవ్స్‌కు పూసే పిండి పౌడరు పెరిటోనియం మీద పడితే అక్కడ వాపు, గడ్డలు, అతుకులు వస్తాయి. ఈ కారణాలతోనే అమెరికా 2017 జనవరి నుంచి వైద్యంలో పౌడరు గ్లవ్స్‌ను నిషేధించింది. మన దగ్గర ఇంకా డబ్బాలు డబ్బాలు వస్తున్నాయి. వేల రూపాయల పొర పరిచి, పౌడరు చేతులతో పేగులు సర్దడంలో అర్థమేముంది? అలాగే మాప్ పొడిగా వాడొద్దు, గోరువెచ్చని సెలైన్‌లో తడిపి పిండి వాడండి. బయటికి తీసిన పేగును తడి మాప్ కింద ఉంచండి. పెద్ద ముక్కలుగా పట్టి కాల్చకండి. రక్తం కారే చోటును వెతికి సన్నగా కాల్చండి లేదా సన్నని దారంతో కట్టండి. ఆపరేషన్ ముగిశాక గడ్డకట్టిన రక్తం లోపల మిగలకుండా కడగండి. ఇవేవీ చేయకుండా పెట్టే పొర దండగే.

కరిగేవాటిలో ప్రపంచమంతటా ఎక్కువ అనుభవం ఉన్నవి మూడు రకాలు. మూడింటి తీరు వేరు, పాడయ్యే తీరూ వేరు.

మొదటిది ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ గుడ్డ, ఇంటర్‌సీడ్ పేరుతో 1989 నుంచి ఉంది. ఒక ముక్క 7.6 × 10.2 సెం.మీ. పెట్టబోయే చోట రక్తం పూర్తిగా ఆగిపోయి ఉండాలి. కడిగిన నీరంతా సక్షన్‌తో తీసేయాలి, నిలిచిన నీటి మీద గుడ్డ తేలిపోతుంది. గాయానికి అన్ని వైపులా కాస్త దాటేలా కత్తిరించి, ఒంటిపొరగా పరిచి, ఒకటి రెండు మిల్లీలీటర్ల సెలైన్‌తో తడపాలి. తడిశాక అదే అంటుకుంటుంది, కుట్టనక్కర్లేదు. ఎనిమిది గంటల్లో జిగురుగా మారుతుంది, నాలుగు వారాల్లోపు కరిగిపోతుంది. గుడ్డ గోధుమరంగుకో నల్లరంగుకో తిరిగిందంటే కింద రక్తం ఊరుతోందని అర్థం. అప్పుడు దాన్ని తీసేసి, రక్తం ఆపి, కొత్తది పెట్టాలి. నల్లబడ్డ గుడ్డను ‘పర్వాలేదు’ అని వదిలేస్తే అతుకు తగ్గదు సరికదా, పెరుగుతుంది.

ఇక్కడే జరిగే పెద్ద పొరపాటు ఇంకొకటి. రక్తం ఆపడానికి వాడే సర్జిసెల్ కూడా ఆక్సిడైజ్డ్ సెల్యులోజే. ‘రెండూ ఒకటే, అది చవక’ అని దాన్ని పరిచేవారున్నారు. నేత వేరు, పని వేరు. సర్జిసెల్ రక్తంతో కలిసి గడ్డకట్టడానికి తయారైంది. దాన్ని అతుకుల అడ్డుగా పరిస్తే చేసేది తిరగబడ్డ పని.

రెండోది హయలురోనిక్ ఆమ్లం, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపి చేసిన రేకు, సెప్రాఫిల్మ్. అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. 12.7 × 15.2 సెం.మీ. రేకు అప్పడంలా పెళుసు. తడి తగిలిన క్షణంలో అతుక్కుంటుంది, తీసి మళ్లీ పెట్టడం కుదరదు. అందుకని పొట్ట మూయబోయే ముందుదాకా కవరు చింపకూడదు. గ్లవ్స్ మార్చుకుని పొడి చేతులతో, పొడి ఫోర్సెప్స్‌తో పట్టుకోవాలి. కోత అంచులకు తగలకుండా లోపలికి దించాలి. 20 సెం.మీ. మధ్యకోత కింద పరచాలంటే ఒక్క రేకు చాలదు, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా రెండు కావాలి. ఒకటి రెండు రోజుల్లో జెల్‌గా మారుతుంది, వారం దాకా చోటు కదలకుండా ఉంటుంది, 28 రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. విశాఖ, కాకినాడ వైపు వానాకాలపు తేమలో ఏసీ సరిగా పనిచేయని థియేటర్లో ఇది చేతిలోనే మెత్తబడుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో స్టోరు గది చూడండి, లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రతకు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. పాడైన రేకు చూడటానికి మంచిదానిలాగే ఉంటుంది.

దీనికి ఒక గట్టి నిషేధం ఉంది. పేగు కోసి కలిపిన కొత్త జోడింపు చుట్టూ, అంటే కుట్ల లేదా స్టేపుల్స్ వరస చుట్టూ, దీన్ని చుట్టకూడదు. 2003లో వచ్చిన పెద్ద పరీక్షలో అలా చుట్టినవారిలో ఆ జోడింపు లీకవడం ఎక్కువైంది. కోత కింద, కదిలే పేగుల మధ్య పరచవచ్చు. జోడింపును మాత్రం వదిలేయాలి.

మూడోది ద్రవం. 4 శాతం ఐకోడెక్స్‌ట్రిన్, అడెప్ట్ పేరుతో వస్తుంది. 2006లో అమెరికాలో గైనిక్ లాపరోస్కోపీలో అతుకులు విడదీసే ఆపరేషన్లకు అనుమతించారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు ప్రతి అరగంటకు కనీసం 100 మి.లీ.తో కడగాలి. చివర్లో ఆ ద్రవమంతా లాగేసి, కొత్తగా ఒక లీటరు పోసి వదలాలి. కొన్ని రోజుల పాటు పేగులు అందులో తేలుతూ ఒకదానికొకటి తగలకుండా ఉంటాయని ఆలోచన. ఒకటి రెండు రోజులు కుట్ల దగ్గర నీరు కారడం, జననాంగం దగ్గర వాపు రావడం మామూలే. ముందే చెప్పకపోతే రోగి, రోగి వెంట వచ్చినవారు హడలిపోతారు. మొక్కజొన్న పిండి పడనివారికి, మాల్టోజ్ అరగనివారికి, పేగు కోసిన ఆపరేషన్లలో, చీము ఉన్నప్పుడు ఇది వాడకూడదు.

షుగరు ఉన్నవారి సంగతి ఇంకా ముఖ్యం. ఐకోడెక్స్‌ట్రిన్ ఒంట్లో మాల్టోజ్‌గా విడిపోతుంది. జీడీహెచ్-పీక్యూక్యూ పద్ధతి స్ట్రిప్పులు వాడే గ్లూకోమీటర్లు ఆ మాల్టోజ్‌ను కూడా గ్లూకోజ్ అని లెక్కేస్తాయి. నిజంగా 60 ఉన్న షుగరు మీటరులో 200 అని కనిపించవచ్చు. నర్సు చార్టు చూసి ఇన్సులిన్ ఇస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద 2009లో హెచ్చరిక ఇచ్చింది. ఈ ద్రవం వాడిన రోగికి వార్డులో ఏ స్ట్రిప్పు వాడుతున్నారో చూడాలి, అనుమానముంటే రక్తం లాబ్‌కు పంపాలి. ద్రవం పోసింది సర్జన్ అయినా, ఇన్సులిన్ చేసేది రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు. కేస్‌షీట్ మీద ఎర్రసిరాతో రాయకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది?

హయలురోనిక్ ఆమ్లంలో ఇనుము కలిపి చేసిన మరో జెల్, ఇంటర్‌జెల్, మార్కెట్లోకి వచ్చాక ఆపరేషన్ తర్వాత నొప్పి, తిరిగి ఆపరేషన్లు చేయాల్సి రావడం వంటి ఫిర్యాదులు వచ్చి 2003లో వెనక్కి పోయింది. అనుమతి ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకోకూడదు.

మరి ఇవి ఎంత మేలు చేస్తాయి? నిజం నిజంగానే చెబుదాం. పేగు కోసి తీసే ఆపరేషన్లు జరిగిన 1,700 మంది మీద సెప్రాఫిల్మ్ పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. పేగు మూసుకుపోవడం మొత్తంగా తగ్గలేదు. కానీ అతుకుల వల్ల పేగు మూసుకుపోయి మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లినవారు 3.4 నుంచి 1.8 శాతానికి తగ్గారు. లెక్క వేస్తే అరవై మందికి పైగా పరిస్తే ఒకరికి రెండో ఆపరేషన్ తప్పుతుంది. 2014లో అన్ని పరీక్షలనూ కలిపి చూసినప్పుడు కూడా ఈ రకం పొర ఆ రెండో ఆపరేషన్‌ను దాదాపు సగానికి తగ్గిస్తుందనే తేలింది. సెల్యులోజ్ గుడ్డ కంటికి కనిపించే అతుకులను తగ్గిస్తుంది. దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు, అలా చెప్పి అమ్మకూడదు.

సిజేరియన్ దగ్గర ఇంకా స్పష్టం. 2016లో అచ్చయిన అమెరికా పరీక్షలో కాన్పు సమయంలో హయలురోనిక్ పొర పెట్టినవారికి, పెట్టనివారికి తర్వాతి సిజేరియన్‌లో అతుకులు ఒకేలా ఉన్నాయి. అయినా మొదటి కాన్పు బిల్లులో ‘బ్యారియర్’ అనే పద్దు కనబడటం మాకు కొత్త కాదు. అదే సమయంలో ఎండోమెట్రియోసిస్‌తో (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బుతో) రెండు అండాశయాలకు ఆపరేషన్ జరుగుతున్న, ఇంకా పిల్లల్లేని పేద అమ్మాయికి ప్యాకేజీలో చోటు లేదని పెట్టరు. సర్జన్‌ది తప్పనడానికి లేదు. ప్యాకేజీ అంటే మందులు, దారాలు, మంచం, భోజనం అన్నీ కలిపిన ఒకే మొత్తం. వేల రూపాయల పొర అందులోంచి పెడితే ఆసుపత్రికి నష్టం, పెట్టకపోతే ఎవరూ అడగరు.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. పొర ఎవరికి అన్న జాబితా రాయండి, ఆ జాబితాలోని ఆపరేషన్లకు పొర ధరను ప్యాకేజీకి విడిగా చెల్లించండి. మా సూచన: పిల్లలు కావాలనుకునే స్త్రీకి గర్భసంచి గడ్డ తీయడం, ముఖ్యంగా వెనుక గోడ మీద కోత ఉన్నప్పుడు. ఎండోమెట్రియోసిస్, అండాశయపు తిత్తులు, ట్యూబుల ఆపరేషన్లు. పేగు మూసుకుపోయి అతుకులు విడదీసినప్పుడు. తాత్కాలికంగా పేగును పొట్ట మీదికి తీసి, నెలల తర్వాత మళ్లీ లోపలికి కలపాల్సి ఉన్నప్పుడు. చిన్న వయసులో పెద్దపేగు తీసిన రోగులకు. మొదటి సిజేరియన్, చీము పట్టిన అపెండిక్స్, రక్తం ఆగని గాయం జాబితాలో ఉండకూడదు. దుర్వినియోగానికి భయపడి అందరికీ ఆపేయక్కర్లేదు. పరిచిన పొర ఫొటో, దాని స్టిక్కరు క్లెయిముతో అడగండి, చాలు.

2. పొట్ట ఆపరేషన్ థియేటర్లన్నిటికీ పౌడరు లేని గ్లవ్స్ మాత్రమే కొనండి. రెండు రాష్ట్రాల వైద్య సేవల మౌలిక వసతుల సంస్థల టెండరులో ఒక్క వాక్యం మారిస్తే సరిపోతుంది.

3. పొర పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని ముక్కలు, ఎక్కడ పరిచారు అన్నది ఆపరేషన్ నోట్స్‌లో ఉండాలి. స్టిక్కరు కేస్‌షీట్‌కు, డిశ్చార్జి కాగితానికి రెండింటికీ అంటించాలి. సగం వాడి మిగిలిన ముక్కను మళ్లీ స్టెరిలైజ్ చేసి మరొకరికి పెట్టడం నేరంగా చూడండి. ఈ పొరలు ఆ వేడినీ గ్యాసునూ తట్టుకోవడానికి చేసినవి కావు.

4. ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకునే కాగితంలో అతుకుల ప్రమాదం తెలుగులో ఉండాలి. పొర పెడుతుంటే దాని ధర, ఎందుకు పెడుతున్నారో ముందే చెప్పాలి. మత్తులో ఉన్న మనిషి మేలుకునేసరికి బిల్లులో కొత్త పద్దు పుట్టకూడదు.

5. డిశ్చార్జి రోజున ప్రతి పొట్ట ఆపరేషన్ రోగికీ ఒక కార్డు ఇవ్వండి. పొర పెట్టినా పెట్టకున్నా. మాటలు మేమే రాసిస్తున్నాం:

‘మీ పొట్టకు ఆపరేషన్ జరిగింది. ఎన్నేళ్ల తర్వాతైనా పేగు మూసుకుపోవచ్చు. ఉండుండి మెలిపెట్టే నొప్పి, పసరు వాంతులు, పొట్ట ఉబ్బరం, గ్యాసు గానీ విరేచనం గానీ పోకపోవడం దాని గుర్తులు. అప్పుడు ఆముదం, విరేచనాల మాత్ర తీసుకోవద్దు. ఏమీ తినకండి. గ్యాస్ ట్రబుల్ అని ఇంజెక్షన్ వేయించుకుని ఇంట్లో పడుకోవద్దు. అదే రోజు ఎక్స్‌రే, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి ఈ కార్డు చూపండి. జ్వరం వచ్చినా, నొప్పి ఆగకుండా ఒకేచోట ఉన్నా, ముట్టుకుంటే పొట్ట గట్టిగా ఉన్నా గంట కూడా ఆగకండి.’

ఈ కార్డు అచ్చుకు అయ్యేది రూపాయో రెండు రూపాయలో.

6. ఏరియా ఆసుపత్రుల్లో పేగు మూసుకుపోయిన రోగిని చూసే పద్ధతి ఒకటి రాసి గోడకు తగిలించండి. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి గొట్టం) వేసి పొట్ట ఖాళీ చేయడం, సెలైన్, పొటాషియం సరిచేయడం, మూత్రం కొలవడం. పేగు నలిగిపోయిన గుర్తులు లేకపోతే, నీటిలో కరిగే అయోడిన్ కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే మందు) 100 మి.లీ. ట్యూబులోంచి పోసి ట్యూబును బిగించడం, 24 గంటల్లోపు ఎక్స్‌రే. కాంట్రాస్ట్ పెద్దపేగు చేరితే చాలామందికి కత్తి అక్కర్లేదు. పొట్ట ఖాళీ చేయకుండా పోస్తే వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఒంట్లో నీరు సరిచేయకుండా పోస్తే ఆ కాంట్రాస్ట్ ఉన్న నీటిని కూడా పేగులోకి లాగేస్తుంది. మూడు రోజులు దాటినా దారి తెరుచుకోకపోతే పెద్దాసుపత్రికి పంపాలి, అనవసరంగా నాన్చకూడదు. బేరియం మాత్రం వాడొద్దు.

7. ధర. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. గరిష్ఠ ధరను ఏడాదిలో 10 శాతం మించి పెంచకూడదు. కానీ ధర నియంత్రణ జాబితాలో లేని పరికరానికి మొదటి ధర ఎంత వేయాలన్నది కంపెనీ ఇష్టం. ఆసుపత్రికి అమ్మే ధరకు, పెట్టె మీది ధరకు మధ్య తేడా రోగి నెత్తిన పడుతోంది. రెండు ప్రభుత్వాలు కలిసి టెండరు పిలిచి, వచ్చిన ధరను బయటపెట్టండి. ఆ ధర ప్రైవేటు బిల్లులకూ కొలబద్ద అవుతుంది.

8. పొర వల్ల జ్వరం, చీము, లీకు, అలర్జీ వంటివి వస్తే 2015లో మొదలైన దేశవ్యాప్త పరికరాల నిఘా కార్యక్రమానికి రాయాలి. రాయడం తప్పు ఒప్పుకోవడం కాదని వైద్య కళాశాలల్లోనే చెప్పండి.

9. అక్కర్లేని ఆపరేషన్‌కు మించిన అతుకు లేదు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఏ ఆసుపత్రిలో ఎన్ని సిజేరియన్లు, ఏ వయసువారికి ఎన్ని గర్భసంచులు తీశారో, కారణంతో సహా, మూడు నెలలకోసారి జిల్లాల వారీగా ప్రకటించండి.

వీటిలో రెండోది, మూడోది, అయిదోది అమలుకు కొత్త బడ్జెట్ అడగాల్సిన పని లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఆ మూడింటి మీద నెలలోపు రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. జాబితా తయారీకి కూర్చోమంటే వస్తాం, థియేటర్ నర్సులను కూడా పిలవండి. ఏ గుడ్డ ఎప్పుడు నల్లబడిందో ముందు చూసేది వాళ్లే.

ఇట్లు,
థియేటర్లలో పనిచేసే కొందరు సర్జన్లు, గైనకాలజిస్టులు, మత్తు వైద్యులు, స్టాఫ్ నర్సులు